కుజునిపై తొలి రేఖ: మేడ్లర్ జీవితం

భూగోళంపై అక్షాంశాలకు ఆధారం ప్రకృతియే ఇచ్చింది. భూమి తిరిగే తీరునుబట్టి భూమధ్యరేఖ ఏర్పడుతుంది. రేఖాంశాలకు మాత్రం అట్టి ఆధారం లేదు. ఎక్కడో ఒకచోట సున్న అని మనుష్యులే నిర్ణయించుకోవాలి. ఆ గౌరవం గ్రీనిచ్‌కు దక్కడానికి 1884లో ఇరవైకి పైగా దేశాల ప్రతినిధులు వాషింగ్టన్‌లో సమావేశమై వాదించుకోవలసి వచ్చింది. అంతకు అర్ధశతాబ్దం పూర్వమే కుజగ్రహానికి సున్నరేఖ ఏర్పడింది. అక్కడ వాదించేవారెవరూ లేరు గదా! దానిని నిర్ణయించినవాడు ఇంటింటా పాఠాలు చెప్పుకొని బ్రతికిన యోహాన్ హైన్రిఖ్ మేడ్లర్.

మేడ్లర్ 1794 మే 29న బెర్లిన్‌లో ఒక దర్జీ ఇంట జన్మించాడు. పందొమ్మిదవ యేట ప్రబలిన అంటుజ్వరం తల్లిదండ్రులిద్దరినీ బలిగొన్నది. ముగ్గురు చెల్లెళ్ల పోషణ ఆయన మీద పడింది. విశ్వవిద్యాలయపు కలలు కట్టిపెట్టి ప్రైవేటు పాఠాలకు పూనుకున్నాడు. ఆ పాఠాలే 1824లో విల్‌హెల్మ్ బేర్ అనే ధనికుడైన బ్యాంకరును ఆయన వద్దకు చేర్చాయి. శిష్యుడు కొంతకాలానికి మిత్రుడైనాడు. 1829లో బేర్ తన ఖర్చుతో ఒక చిన్న వేధశాలను నెలకొల్పాడు. అందులోని దూరదర్శిని కటకం వెడల్పు నాలుగంగుళాలైనా లేదు.

1830లో కుజుడు భూమిని సమీపించాడు. మిత్రులిద్దరూ రాత్రుల తరబడి పరిశీలించి, ఆ బింబంపై కనిపించే నల్లని మచ్చలు మేఘాలు కావనీ, నేలపై స్థిరంగా ఉండే గుర్తులనీ తేల్చారు. వాటిలో స్పష్టంగా, గుండ్రంగా ఉన్న చిన్న మచ్చనొకదానిని ఎన్నుకొని, దానికి ఒక అక్షరం గుర్తుగా పెట్టారు. అది బింబమధ్యానికి వచ్చే వేళలను లెక్కించి కుజుని ఆత్మభ్రమణకాలం కట్టారు. తక్కిన మచ్చల స్థానాలన్నీ ఆ మచ్చ నుండే కొలిచారు.

తొలి లెక్కలో సుమారు 13 సెకండ్ల పొరపాటు దొర్లింది. అల్పమేననిపిస్తుంది. కాని కుజుడు మరల సమీపించడానికి పట్టే 780 దినాలలో ఆ 13 సెకండ్లు రెండున్నర గంటలు దాటుతాయి. పటం మీద ప్రతి మచ్చా గోళంలో తొమ్మిదవ వంతు పక్కకు జరిగిపోతుంది. గ్రహం తిరిగే కాలం తప్పితే గీచిన రేఖలన్నీ తప్పినట్లే. మేడ్లర్ 1837లో తిరిగి లెక్కకట్టి, ఆ పొరపాటును ఒక్క సెకండుకు దించాడు.

చంద్రుని విషయంలో చిక్కు వేరు. ఎల్లప్పుడూ ఒకే ముఖం చూపుతాడు గనుక ఆ ముఖమధ్యమే సున్న. అయితే ఆ ముఖం కొద్దిగా ఊగుతూ ఉంటుంది. అందుచేత మేడ్లర్ ముందు 105 స్థానాలను సూక్ష్మంగా కొలిచి, వాటిని ఆధారం చేసుకొని మిగిలినదంతా చిత్రించాడు. దాదాపు 600 రాత్రుల శ్రమ అది. 1834 నుండి 1836 వరకు నాలుగు భాగాలుగా ఆ పటం వెలువడింది. పేరున్న పెద్ద బిలం పక్కనున్న చిన్న బిలాలను ఆ పేరుకే ఒక అక్షరం చేర్చి పిలిచే పద్ధతిని ఆయన స్థిరపరచాడు. కోపర్నికస్ ఎ వంటి పేర్లు నేటికీ చెల్లుతున్నాయి. పటంపై బేర్ పేరే ముందున్నది. కన్ను పెట్టి చూచినదీ, చేత్తో గీచినదీ ముఖ్యంగా మేడ్లరే.

1840లో డోర్పాట్ వేధశాలకు అధ్యక్షుడైనాడు. కృత్తికా నక్షత్రమండలమే నక్షత్రలోకానికంతకూ కేంద్రమని అక్కడ ఆయన చేసిన ప్రతిపాదన నిలువలేదు. 1865లో విరమించి, 1874లో హానోవర్‌లో మరణించాడు.

ఆయన ఎన్నుకొన్న మచ్చ మాత్రం నిలిచింది. ఇటలీ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లీ 1877లో తన కుజపటాన్ని అక్కడినుండే ఆరంభించాడు. ఫ్రాన్సు దేశపు ఫ్లమారియన్ దానికి మధ్యాహ్నరేఖా అఖాతమని అర్థం వచ్చే పేరు పెట్టాడు. మారినర్ 9 నౌక 1971, 72లలో చిత్రాలు పంపిన తరువాత ఆ మచ్చ సూక్ష్మమైన కొలతలకు మరీ పెద్దదైపోయింది. అందుచేత ఆ ప్రాంతంలోనే, అర కిలోమీటరు వెడల్పైన బిలమొకటి సున్నరేఖకు గుర్తయింది. గ్రీనిచ్ రేఖకు ఆధారమైన దూరదర్శినిని నెలకొల్పిన ఎయిరీ పేరే దానికి పెట్టారు. ఆ చేరువ మైదానంలోనే 2004లో ఆపర్చునిటీ యంత్రశకటం దిగింది.