నందమూరి తారక రామారావు: ఒక దూరదేశపు అభిమాని స్మరణ

నందమూరి తారక రామారావు గారు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ గారు ఆయనకు గురువు. అక్కడ ఒక నాటకంలో స్త్రీ పాత్ర లభించగా, మీసం తీయుటకు అంగీకరింపక, మీసంతోనే రంగస్థలమెక్కారు. పట్టభద్రులైన పిదప లభించిన సబ్ రిజిస్ట్రారు ఉద్యోగాన్ని కొద్ది వారాలకే విడిచి మద్రాసు చేరారు.

1949లో ‘మన దేశం’ చిత్రంలో పోలీసు అధికారిగా తొలిసారి తెరపై కనిపించారు. 1951లో ‘పాతాళభైరవి’ ఆయనను జానపద వీరునిగా నిలిపింది. 1957లో ‘మాయాబజార్’ వచ్చిన తరువాత తెలుగువారికి కృష్ణుడనగా ఆయన రూపమే స్ఫురించసాగింది. తిరుమల యాత్రికులు మద్రాసులోని ఆయన ఇంటికి సైతం వెళ్ళి దర్శించుకొనేవారు.

1952లో రాయలసీమ కరవు బాధితుల కొరకు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించి, మరుసటి సంవత్సరమే ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన పాలనలో ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు కల్పించే చట్టం వచ్చింది. 1995లో సొంత పార్టీలోని చీలిక వలన పదవిని కోల్పోయారు. 1996 జనవరి 18న హైదరాబాదులో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 72 సంవత్సరాలు.

అప్పుడు నేను కువైట్‌లో ఉన్నాను. 1990 నాటి యుద్ధానికి కట్టుబట్టలతో వెళ్ళిపోయి, మరల వచ్చిన కడప, గోదావరి జిల్లాల వారు నా తోటి పనివారు. కరవు సీమ నుండి వచ్చినవారికి ఆయన మరణం ఇంటి పెద్ద మరణం వంటిది. తోటలలో శ్రమించిన మన పూర్వీకులకు స్వగ్రామపు మరణవార్త నెలల తరువాత ఉత్తరంలో అందేది. మాకు వార్త వెంటనే అందింది. కడసారి చూపు మాత్రం వారికి వలెనే మాకూ దక్కలేదు.

నా దుఃఖానికి మరియొక కారణం ఉన్నది. మా ఇంట మిగిలిన తెలుగు అన్నం, నీళ్ళు, పని అను మాటలకే పరిమితమైనది. 1977లో ఆయన దర్శకత్వం వహించి, కృష్ణునిగా, కర్ణునిగా, దుర్యోధనునిగా నటించిన ‘దానవీరశూరకర్ణ’లో కొండవీటి వేంకటకవి గారి సంభాషణలు విన్నప్పుడే, మన భాషకు ఇంతటి గాంభీర్యం ఉన్నదని ఎరిగాను. అర్థం కాని సమాసాలను తోటివారిని అడిగి, ఒక్కొక్కటిగా నేర్చుకొన్నాను. ఆయన పోయారని విన్న దినమున, నాకు అక్షరాలు దిద్దించిన పంతులుగారు పోయినట్లే తోచింది.