నవాబు అలీ నవాజ్ జంగ్

రామగుండము, గోదావరిఖని ప్రాంతము బొగ్గుగనులకు ప్రసిద్ధి. అచటి విద్యుత్కేంద్రమునకు బొగ్గు ఎంత అవసరమో నీరును అంత అవసరము. ఆ నీటిని గోదావరి యిచ్చుచున్నది. ఆ గోదావరికి ఉపనది మంజీర. మంజీరకు పెద్ద కట్టవేసి బీడుభూములను పండించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించెను. సెయింట్ జార్జి పాఠశాలలోను, నిజాం కళాశాలలోను చదివెను. ప్రభుత్వము విద్యార్థివేతన మొసగగా 1896లో ఇంగ్లండునకు వెళ్లి కూపర్స్ హిల్ కళాశాలలో సివిలు ఇంజనీరింగు నభ్యసించెను. అచట భారతీయ విద్యార్థులు బహు కొద్దిమంది. 1899లో స్వదేశమునకు మరలివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరి, 1918లో చీఫ్ ఇంజనీరయ్యెను.

1908లో మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. పిమ్మట నగరమును వరదలనుండి కాపాడుటకు, త్రాగునీ రందించుటకు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు నిర్మింపబడెను. వాని నిర్మాణమున ఆయన కృషి గణనీయము.

ఆ కాలమున తెలంగాణపు సేద్యమునకు చెరువులు, బావులే ఆధారము. వాన తప్పినచో చెరువెండును. చెరువెండినచో రైతు దిక్కులేనివాడగును. నదిలోని వరదనీరు మాత్రము వ్యర్థముగా దిగువకు పోవుచుండెను. ఆ నీటిని నిలుపుటయే అలీ నవాజ్ జంగ్ సంకల్పము. 1923లో మొదలిడిన నిజాంసాగర్ నిర్మాణము 1931లో ముగిసెను. సుమారు 3 కిలోమీటర్ల పొడవుగల ఆ రాతికట్ట తన బరువుతోనే నీటి ఒత్తిడిని నిలువరించును. దానిపై వాహనములు పోవుటకు బాటయును కలదు. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని లక్ష్యము. ఆ నీటితో చెరకు విరివిగా పండగా బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను. అయితే జలాశయము క్రింద మునిగిన గ్రామముల ప్రజలు తమ ఇండ్లను, పొలములను విడువవలసివచ్చెను. దిగువ పంటలలో వారి త్యాగమును కలదు.

తుంగభద్రా జలముల పంపకమునందును ఆయన హైదరాబాదు పక్షమున పాటుపడెను. ఇతర ప్రాంతముల వారును ఆయన సలహాను కోరిరి. సింధులోని సుక్కూరు బారేజి వ్యయమును పరిశీలించుటకు 1929లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యతోపాటు నియమితుడయ్యెను.

1949 డిసెంబరు 6న ఆయన కాలధర్మము చెందెను. ఆయన జన్మదినమును తెలంగాణ ప్రభుత్వము 2014 నుండి ఇంజనీర్ల దినోత్సవముగా జరుపుచున్నది. పూడిక చేరి నిజాంసాగర్ నీటినిల్వ నేడు తగ్గినది. కట్టుటతో ఇంజనీరు పని ముగియదు. కట్టినదానిని కాపాడుట తరువాతి తరములవారి విధి.