రామదండు సేనాని ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

వరద వచ్చినప్పుడో, తుఫాను విరుచుకుపడినప్పుడో జనం కట్టుబట్టలతో ఇళ్ళు విడిచి వెళ్ళవలసి రావడం మన ప్రాంతంవారికి కొత్త సంగతి కాదు. 2021 నవంబరులో పాలారు, కౌండిన్య నదులు పొంగినప్పుడు వేలూరు, గుడియాత్తం పరిసరాలవారు దానిని కళ్ళారా చూశారు. అటువంటి వేళ బియ్యంకంటె, మందులకంటె ముందుగా కావలసినది వీధికి పదిమంది మనుషులు. ఎవరు ఏ పని చేయవలసి ఉన్నదో ముందే తెలిసిన మనుషులు. ఆపద వచ్చిన తరువాత వారిని వెదకబోతే దొరకరు. ఈ సంగతిని నూరేళ్ళకు పూర్వమే గ్రహించి, అటువంటివారిని ఒక దండుగా తీర్చిదిద్ది, ఒక పట్టణమంతా ఇళ్ళు విడిచినప్పుడు ఆ దండును జనసేవలో నిలిపిన తెలుగువారు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. ఆ పట్టణం చీరాల. దాని మీదికి వచ్చిన విపత్తు ప్రకృతి తెచ్చినది కాదు, పన్నులు తెచ్చినది. కాని ఎండకూ, వానకూ, ఆకలికీ ఆ తేడా తెలియదు కదా!

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని బంధువుల పోషణలో పెరిగారు. చదువులో మొదట వెనుకబడినా, ఆటలలో, పాటలలో, నాటకాలలో, మాటల చమత్కారంలో ఆయన ముందుండేవారు. బాపట్లలో తాలూకా కచేరీలో కొంతకాలం చిన్న ఉద్యోగం చేశారు. ఆ కాగితాల నడుమ ఆయన మనసు నిలువలేదు. మిత్రులు నడింపల్లి నరసింహారావుగారి తోడుతో 1911 ప్రాంతంలో స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయానికి వెళ్ళి అర్థశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు. కళావిమర్శకులు ఆనంద కుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణాన్ని ఆంగ్లంలోకి అనువదించారు. ఆ గ్రంథం 1917లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం ద్వారా వెలువడింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు.

స్వదేశానికి వచ్చి రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయులను తయారుచేసే శిక్షణ కళాశాలలోను, పిదప బందరు జాతీయ కళాశాలలోను పనిచేశారు. ఎక్కడా ఎక్కువ కాలం ఇమడలేదు. ఇరుకైన నియమాలు ఆయనకు సరిపడలేదని అందరూ చెప్పే మాట. అయితే పంతుళ్ళకు పాఠం చెప్పిన ఆ కొద్దికాలం వృథా కాలేదని అనుకోవచ్చు. పదిమందిని ఒక వరుసలో నిలబెట్టి, ఎవరి పని వారికి అప్పగించి, వారిచేత ఇష్టపూర్వకంగా చేయించడం బడి నడిపేవారికి నిత్యకృత్యమే. ఆ తరువాత ఆయన వేసిన పెద్ద అడుగులో కనిపించేది ఆ విద్యే.

చీరాలకు వచ్చి స్థిరపడిన పిదప ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి అనే సంస్థను నెలకొల్పి, చదువుతోపాటు తోలుబొమ్మలాట వంటి మన జానపద కళలకు ఆదరణ కల్పించారు. రామదండు ఆవిర్భవించినదీ అక్కడే. సుమారు 1,000 మంది స్వచ్ఛంద సేవకుల దళమది. కాషాయ వస్త్రాలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరం వారి గుర్తులు. చూపరులకు అది వేషంగా తోచి ఉండవచ్చు. నిజానికి ఆ వేషానికి ఒక ప్రయోజనం ఉన్నది. వేలమంది తొక్కిసలాడే చోట సహాయం కావలసినవాడు ఎవరిని అడగాలో దూరంనుంచే తెలియాలి. రాముని సేతువు కట్టిన వానరసేన కథ తెలియని తెలుగు ఇల్లు లేదు గనుక, చదువురాని కూలివానికి కూడ ఆ పేరు చెవిన పడగానే తాను చేయవలసినదేమిటో అర్థమైపోయేది. పేరు పెట్టడంలో గోపాలకృష్ణయ్యగారి చాతుర్యం అది.

1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనప్పుడు గాంధీగారిని చూడడానికి జనం విరగబడి వచ్చారు. ఆ జనసమ్మర్దాన్ని అదుపుచేసే బాధ్యతను రామదండు వహించి అందరి మెప్పు పొందింది. మరి కొద్దిరోజులకే వారికి అంతకంటె కఠినమైన పరీక్ష ఎదురైంది.

నాడు గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాల గ్రామాలను కలిపి 1919లో ప్రభుత్వం పురపాలక సంఘంగా మార్చింది. అంతవరకు యూనియనుగా ఉన్నప్పుడు సాలుకు రూ. 4,000 మాత్రమే ఉన్న పన్ను రూ. 40,000కు పెరిగింది. అక్కడ ఉన్నవారిలో అధికులు నేతపనివారు, చిన్న రైతులు, కూలీలు. వారికి ఆ భారం మోయరానిదైంది. విన్నపాలు పంపుకున్నారు, ఫలితం లేదు. పన్ను కట్టమన్నారు. ఒక స్త్రీతో సహా కొందరు జైలుకు వెళ్ళారు. 1921 ఏప్రిల్ 6న గాంధీగారు చీరాలకు వచ్చినప్పుడు దారి చూపమని గోపాలకృష్ణయ్యగారు కోరారు. అహింసతో పన్నుల నిరాకరణ సాగించడమో, లేక పురపాలక సంఘం ఎల్లలు దాటి ఊరు విడిచిపోవడమో, ఈ రెండే మార్గాలని గాంధీగారు సూచించారు. ఊరే లేకపోతే పురపాలక సంఘం ఎవరి మీద పన్ను వేస్తుంది? ప్రజలు రెండవ మార్గాన్ని ఎన్నుకున్నారు.

15,000 పైచిలుకు జనాభాలో 13,000 మందికి పైగా ఇళ్ళు వదిలారు. అది వేసవి ప్రారంభం. ఊరి పొలిమేరల అవతల తాటాకు పాకలు, పందిళ్ళు వేసుకొని, ఆ కొత్త వాడకు రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఈ మాట చెప్పడం తేలిక. పదమూడు వేలమంది అంటే ముసలివారు, బాలింతలు, చంటిబిడ్డలు, పశువులు, ధాన్యపు గాదెలు, వంటపాత్రలు. అన్నిటికంటె చిక్కు మగ్గాలది. గుంటమగ్గాన్ని ఎత్తుకుపోవడానికి వీలుకాదు. కొయ్యలు ఊడదీసి, కొత్తచోట గుంట తవ్వి, పడుగు మళ్ళీ సరిచేసుకోవాలి. వాన పడితే ఆ గుంట నిండా నీరే. గుడియాత్తం నేతగాండ్ర ఇళ్ళలో పుట్టి పెరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. మగ్గం ఆగిన రోజున ఇంటిలో పొయ్యి ఆగుతుంది.

ఇంత జనాన్ని ఒకచోట నిలిపి ఉంచడంలో రామదండు సేవ ఎన్నదగినది. బెజవాడలో వారు చూసినది కొద్దిరోజుల జనం. సాయంత్రానికి ఎవరి దారిన వారు పోయేవారే. ఇక్కడ మాత్రం పొద్దున లేస్తే అదే జనం, అవే అవసరాలు. విడిచివచ్చిన ఇళ్ళను కనిపెట్టుకొని ఉండాలి. తాటాకు కప్పుల నడుమ నిప్పురవ్వ పడకుండ చూడాలి. ఉన్న కొద్ది నీటి వనరులను పాడుకానీయరాదు. జబ్బుపడినవారిని పట్టించుకోవాలి. రామనగరం వ్యవహారాలను చూడడానికి వివిధ కులాల ప్రతినిధులతో ఒక సభ ఏర్పడింది. తగవులు తమలో తామే పంచాయితీ ద్వారా తీర్చుకున్నారు. ఒక కులంవారే పెత్తనం చేసి ఉంటే ఆ వాడ నెలరోజులు కూడ నిలిచేది కాదేమో. దుడుకువారు ఎందరో ఉండే గుంపు దెబ్బకు దెబ్బ అనకుండ అన్నాళ్ళు నిగ్రహంతో ఉండడం ఆషామాషీ విషయం కాదు. గాంధీగారు సైతం వారి త్యాగాన్ని మెచ్చుకున్నారు.

రామనగరం సుమారు పదకొండు నెలలు నిలిచింది. ఎండాకాలం గడిచింది. వానలు వచ్చాయి, చలి వచ్చింది. పాకలలో కాపురం రోజురోజుకూ దుర్భరమైంది. పని లేని చేతులు, ఖాళీ అయిన గాదెలు. ధనసహాయం కావలసి వచ్చింది. కాంగ్రెసు సంస్థనుంచి ఆశించిన తోడ్పాటు అందలేదు. గోపాలకృష్ణయ్యగారు తామే చందాలు పోగుచేయడానికి బయలుదేరి గంజాంలోని బరంపురం వెళ్ళారు. అక్కడ ప్రసంగించరాదని అధికారులు నిషేధించారు. ఆయన నిషేధాన్ని ఉల్లంఘించారు. ఒక సంవత్సరం శిక్షపడి తిరుచిరాపల్లి జైలుకు వెళ్ళారు.

దాదాపుగా ఆ రోజుతోనే రామనగరానికి వెన్ను విరిగింది. ఇతర నాయకులూ నిర్బంధాల పాలయ్యారు. దండు ఉన్నది, దానిని నడిపే నోరు లేదు. ఆయన చరిత్రను చదివేవారు సాధారణంగా త్యాగాన్ని కొనియాడి ఇక్కడితో పుట మూసివేస్తారు. కాని ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. సేవకులను పోగుచేయడం, వారికి క్రమశిక్షణ నేర్పడం, ప్రజలలో ఉత్సాహం నింపడం, ఈ మూడింటిలో ఆయనకు సాటి రాగలవారు ఆనాడు తెలుగునాట అరుదు. అయితే ఇల్లు విడిచి వచ్చినవారికి మొదటి వారం కావలసినది వేరు, ఆరవ నెలలో కావలసినది వేరు. మొదట పాక, నీరు, కాపలా చాలును. తరువాత కావలసినవి పని, నూలు, గింజలు, అప్పు పుట్టే చోటు, పెద్దాయన లేనప్పుడు పగ్గాలు అందుకొనే రెండవ మనిషి. మొదటి దానికి రామదండు సిద్ధంగా ఉన్నది. రెండవ దానికి ఆయన ఒక్కరే ఆధారమయ్యారు. ఆయనను కదలకుండ చేస్తే చాలునని ప్రభుత్వానికి తెలిసిపోయింది. ఆయన లోటును ఎత్తిచూపినంత మాత్రాన ఆయన గొప్పదనం తగ్గదు. తుఫాను సహాయ శిబిరాలలో ఈనాటికీ మొదటి పదిరోజుల సందడి, ఆ పైన వచ్చే నిశ్శబ్దం చూసినవారికి ఈ లోటు ఎంత పాతదో తెలుస్తుంది.

1922లో జనం ఒక్కరొక్కరుగా పాత ఇళ్ళకు మరలిపోయారు. పన్నులు కట్టక తప్పలేదు. వారిని ఓడిపోయినవారని ఎవరైనా అనవచ్చును గాని, ఎల్లలు దాటి పదకొండు నెలలు పాకలలో నిలిచిన ఊరు మరొకటి చూపడం కష్టం.

జైలునుంచి వచ్చిన తరువాత గోపాలకృష్ణయ్యగారు కాంగ్రెసు రాజకీయాలలో పాల్గొంటూనే వచ్చారు. చమత్కారం, ఆశువుగా చాటువులు చెప్పే నేర్పు చివరివరకు తగ్గలేదు. చేతిలో డబ్బు మాత్రం ఎన్నడూ నిలువలేదు. వచ్చినది వచ్చినట్లే పదిమందికి ఖర్చుపెట్టే స్వభావం ఆయనది. క్షయవ్యాధి పట్టి పీడించింది. తగిన వైద్యానికీ, పోషణకూ ఇబ్బంది పడుతూనే 1928 జూన్ 10వ తేదీన, ముప్పై తొమ్మిదేళ్ళు నిండిన ఎనిమిదవ రోజున కన్నుమూశారు. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయానికి ఆంధ్రరత్న భవనమని ఆయన బిరుదునే పేరుగా పెట్టారు. చీరాలలో మాత్రం వృద్ధులు ఆయన పేరుతోపాటు రామనగరం పేరును కూడ కలిపే చెప్పుకొనేవారు.