పూటకూళ్ల ఇంటి పిల్లాడు

మా శృంగవరపుకోటలో ఉద్యోగస్తులకు క్యారియర్లు కట్టి పంపే ఆవిడ ఒకరున్నారు. తెల్లారకుండానే ఆవిడ వంటింట్లో పోపు వాసన వీధి చివరిదాకా వస్తుంది. ఆవిణ్ణి చూసినప్పుడల్లా నాకు సుబ్బమ్మగారు గుర్తొస్తారు. ఎవరా సుబ్బమ్మగారంటారా? ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి గోపాలకృష్ణయ్యగారు పోయారు. పిల్లల్ని వెంటబెట్టుకుని సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపారు. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే ఆడదంటే ఆ రోజుల్లో ఎంత చులకనో! 1892లో మన విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం తెలుసుగా? అందులో గిరీశం సొమ్ము కాజేసింది పాపం పూటకూళ్లమ్మ దగ్గరే. సుబ్బమ్మగారు అవేమీ లెక్కచెయ్యలేదు. కొడుకు పరీక్ష ఫీజుకి మూడు రూపాయలు లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టారు. ఆ కొడుకేమో అల్లరి సావాసాలు, నాటకాల్లో ఆడవేషాలు! ఇమ్మానేని హనుమంతరావునాయుడనే మాస్టారు చేరదీసి రాజమండ్రి తీసుకెళ్లబట్టి చదువు నిలిచింది.

రాజమండ్రిలో ప్లీడరయ్యారు, మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు. కానీ రెండో తరగతి ప్లీడరుకి హైకోర్టులో వాదించే వీల్లేదు. అందుకని 1904లో ఇంగ్లండు ఓడెక్కారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని అమ్మకి మాటిచ్చి మరీ వెళ్లారు. బారిస్టరై తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో లక్షలు గడించారు.

ఆ లక్షలేమయ్యాయంటే, 1921లో గాంధీగారి పిలుపు విని ప్రాక్టీసు మానేశారు. స్వరాజ్య పత్రిక పెట్టి ఉన్నదంతా అందులో పోశారు. దేశానికి గొప్ప త్యాగమే, కాదనను. ఇల్లాలిగా నాకు మాత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన హనుమాయమ్మగారే కళ్లముందు మెదులుతారు. సంపాదన ఆగినా వచ్చేపోయేవాళ్లకి విస్తళ్లు వెయ్యక తప్పదు కదా!

1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకి ఎదురుగా రొమ్ము చూపిన సంగతి చిన్నప్పుడే చదువుకున్నాం. 1946లో మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రయ్యారు. ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, ఎనభై దాటిన వయసులో తొలి ముఖ్యమంత్రీ ఆయనే. ఏడాది తిరిగి నెల గడిచిందో లేదో, మద్యనిషేధం గొడవలో ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

1957 మే 20న కన్నుమూశారు. లక్షలు గడించిన చేతిలో చివరికి చిల్లిగవ్వ మిగల్లేదు. 1972లో ఒంగోలు జిల్లాకి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. సుబ్బమ్మగారు పూటకూళ్లు వండి వడ్డించిన ఊరే ఆ జిల్లాకి ముఖ్యపట్టణం.