హమదాన్‌లో హకీం ఇబ్నె సీనా

యునానీ మందు వాడిన ఇంట బూ అలీ సీనా పేరు వినే వుంటారు. ఆయన కొలువు కష్టాలు మాత్రం మనం అంతగా చెప్పుకోం.

980లో బుఖారా దగ్గర పుట్టిన ఆయన, ఆదరించిన సామానీ రాజ్యం కూలిపోయాక బ్రతుకుతెరువుకు ఊరూరూ తిరిగి, 1015 ప్రాంతాన ఇరాన్‌లోని హమదాన్ చేరారు. అల్వంద్ కొండ పాదాన వున్న పట్నం. పైన మంచు, కింద సెలయేళ్ళు, పండ్లతోటలు. చూడముచ్చటైన చోటు!

అక్కడి అమీరు షంసుద్దౌలాకు కడుపుశూల నయం చేస్తే ఏకంగా వజీరు పదవి దక్కింది. సుఖం మాత్రం దక్కలేదు. సిపాయిలు తిరగబడి ఇల్లు దోచారు, తల తీయమని పట్టుబట్టారు. పాపం, నలభై రోజులు ఒకరింట దాక్కున్నారు. ఇంతలో అమీరుకు శూల తిరగబెట్టింది. వెతికి పిలిపించి, క్షమాపణ చెప్పుకొని మళ్ళీ వజీరును చేశాడు. పగలు దర్బారు, రాత్రి శిష్యులకు పాఠాలు. ‘ఖానూన్’ వైద్యగ్రంథంలో కొంత ఆ రోజుల్లోనే సాగింది. ఇక కొండ చూసే తీరికెక్కడిది? పొట్టకోసం పరాయి ఊరు పోయిన మనవాళ్ళకు ఇది తెలియని సంగతి కాదు.

అమీరు పోయాక కొడుకు దగ్గర కొలువు వద్దన్నారు. ఇస్ఫహాన్ ప్రభువుకు రహస్యంగా జాబు రాశారని నాలుగు నెలలు కోటలో బంధించారు. అక్కడా కలం ఆపలేదు. చివరకు సూఫీ వేషంలో ఇస్ఫహాన్‌కు తప్పించుకున్నారు. 1037లో ఆ ప్రభువు వెంట వస్తూ, అదే కడుపుశూలతో హమదాన్‌లోనే కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే వుంది.