ఖాళీ గడి

హాస్టల్లో జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ గొప్పా అనే గొడవ మొదలైతే తెల్లారిపోతుంది. నేను విల్ట్ ఛాంబర్లెయిన్ అంటాను. ఆ రోజుల్లో పోటీ ఎక్కడుందిరా అని నవ్వుతారు.

విల్ట్ 1936లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. 1962 మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో న్యూయార్క్ నిక్స్ మీద ఒక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఆ మ్యాచ్ టీవీలో రాలేదు. ఆ సీజన్‌లో అతని సగటు 50.4. అప్పుడు ఎన్‌బీఏలో 9 జట్లే, నిజమే. కానీ అతన్ని కట్టడి చేయడానికి 1964లో బుట్ట ముందున్న గీతల మధ్య వెడల్పు 12 అడుగుల నుంచి 16కి పెంచారు. 1967లో, 1972లో ఛాంపియన్. 1973లో ఆట మానేశాడు. లీగ్ బ్లాకులు లెక్కపెట్టడం మొదలెట్టింది ఆ తర్వాతి సీజన్ నుంచే!

మొన్న ఆటగాళ్లని పోల్చే చిన్న ప్రోగ్రాం రాశాను. విల్ట్ బ్లాకుల గడి ఖాళీగా ఉంటే సున్నా పెట్టేశాను. లిస్టులో కిందికి పడిపోయాడు. మేమందరం రోజూ చేస్తున్నదీ ఇదే కదా అనిపించింది. లెక్కపెట్టకపోవడం వేరు, లేకపోవడం వేరు.

విల్ట్ 1999లో పోయాడు, మేమింకా పుట్టకముందే. ఆ సున్నా తీసేసి గడి ఖాళీగానే ఉంచాను. గొడవ మాత్రం ఆగలేదు.