పలనాటి ఫాదరు హయ్యరు

జీతమునకు పనిచేయువాడు జీతము ముట్టినంతట విశ్రమించును. బాకీ తీర్చుటకై పనిచేయువాడు బాకీ తీరినంతట చేతులు కడుగుకొనును. ఏ జీతము నాశింపక, తన బాకీ యంతయు ముందుగానే కొట్టివేయబడినదని నమ్మియు, ఎనుబదియేండ్లు నిండువరకు పని విడువని మనుష్యుడొక డున్నయెడల వానిని నడిపించిన దేమి? క్రైస్తవులు దానికి కృప యని పేరిడిరి. ఈ మాట గ్రంథములలో చదివినపుడు సులభముగా బోధపడదు. దానిని నమ్మి జీవించిన యొకని కథ వినిన కొంత బోధపడును. అట్టి మనుష్యు డొకడు మన బెల్లంకొండకు పడమటనున్న గురజాలలో కొన్ని యేండ్లు కాపురముండెను. ఆయనయే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు. జనులు ఆయనను ఫాదరు హయ్యరని పిలిచిరి.

హయ్యరు 1793 వ సంవత్సరము జూలై 10 వ తేదీన జర్మనీ దేశమందలి హెల్మ్‌స్టెట్ అను పట్టణమున జన్మించెను. అప్పటికి యూరపు ఖండమంతయు యుద్ధములతో అట్టుడికినట్లుండెను. నెపోలియను సైన్యములు జర్మనీ నాక్రమించిన దినములలో, 1807 లో, తలిదండ్రు లా బాలుని అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు మేనమామ యొద్దకు పంపిరి. పదునాలుగేండ్ల వయస్సున తల్లిని, తండ్రిని, మాతృభాషను విడిచి సముద్రము దాటిన బాలునకు పరదేశవాసమన నేమో చిన్ననాడే తెలిసినది. ఆయన అచ్చట మతశాస్త్రము చదివి, మరల జర్మనీకి పోయి గొట్టింగెన్ విద్యాపీఠమున చదువు సాగించి, 1820 లో లూథరన్ సంఘమున గురువుగా అభిషిక్తుడయ్యెను.

ఆ కాలమున పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములలో జర్మను వలసకాండ్రు అడవులు కొట్టి పొలములు చేసుకొనుచు చెదరియుండిరి. వారికి గుడి లేదు, గురువు లేడు, పిల్లలకు బడి లేదు. హయ్యరు గుఱ్ఱమెక్కి ఊరూర దిరిగి వారిని కూడగట్టుచు ఇరువది యేండ్లు గడపెను. 1819 లో మేరీ అను నామెను వివాహమాడి సంతానవంతుడయ్యెను. 1839 లో ఆ యిల్లాలు గతించెను. నలువదియైదేండ్లు దాటినవాడు, భార్యను పోగొట్టుకొన్నవాడు, ఇక ఉన్నచోట స్థిరపడి శేషజీవితమును నెమ్మదిగా గడపుటయే లోకరీతి. ఆయన మాత్రము బాల్టిమోరు నగరమున కూర్చుండి సంస్కృతమును, వైద్యమును కొంతవరకు అభ్యసించెను. హిందూదేశమునకు పోవలెనను సంకల్పము ఆయనను పట్టుకొనెను.

ఆ సంకల్పమునకు తోవ సుగమము కాలేదు. తనను నియమించిన సంఘము వేరొక మిషను అధికారమునకు లోబడి పనిచేయవలసి వచ్చునని తెలిసినంతట ఆయన ఆ నియామకమును వదలుకొనెను. పిమ్మట పెన్సిల్వేనియా లూథరన్ సంఘ మాయనను తమవానిగా పంపుట కొప్పుకొనెను. 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడ యెక్కి, సంతానమును స్వదేశమున విడిచి, సింహళము మీదుగా చెన్నపట్టణము చేరి, అచ్చటినుండి ఉత్తరముగా వచ్చి, శుభకృత్ సంవత్సరమున, అనగా 1842 జూలై 31 వ తేదీన గుంటూరు చేరెను. అమెరికా లూథరన్లు విదేశమునకు పంపిన మొదటి మిషనరీ ఆయనయే. అప్పటి కాయనకు నలుబదితొమ్మిదేండ్లు నిండినవి. తెలుగు అక్షరములు దిద్దుకొనుట ఆ వయస్సున ప్రారంభమయ్యెను.

ఆయన చూచిన గుంటూరు సీమ కోలుకొనుచున్న సీమ. పదియేండ్లకు పూర్వము, 1832-33 లో, నందన సంవత్సరపు కరువు వచ్చినది. మన పెద్దలు డొక్కల కరువని చెప్పుకొనిన దదియే. గుంటూరు మండలమున సుమారు అయిదు లక్షల జనములో రెండు లక్షలవరకు నశించిరని అంచనా. ఎన్నో గ్రామములు పాడుపడెను. అట్టి దేశమున అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్సు హయ్యరును ఆదరించి, ధనసహాయము చేసి, బడి స్థాపించుటకు తోడ్పడెను. హయ్యరు బాలురకు బడి పెట్టెను, ఆడపిల్లలకును బడి పెట్టెను. ఆడపిల్లకు చదువేలయని పెద్దలు ముక్కుమీద వ్రేలిడుకొను కాలమది.

నాలుగేండ్లు తిరుగకముందే ఆరోగ్యము చెడి ఆయన అమెరికాకు మరలవలసి వచ్చెను. అక్కడ విశ్రాంతి గైకొనక వైద్యవిద్య పూర్తిచేసి 1847 లో పట్టము పొందెను. ఏబదినాలుగేండ్ల వయస్సున ఇరువదియేండ్ల కుఱ్ఱలతో గూడి పరీక్షకు కూర్చుండుటకు ఆయన సిగ్గుపడలేదు. రోగముతో వచ్చిన పల్లెవానికి బోధకన్న ముందు మందు కావలెనని గుంటూరులో ఆయన కనులార చూచియుండెను. 1848 లో మరల గుంటూరు చేరెను. మరుసటి సంవత్సరము, 1849 లో, పలనాటికి ప్రయాణమయ్యెను.

గుంటూరునుండి గురజాలకు దూరము నేటి లెక్కకు నూరు కిలోమీటర్ల ప్రాంతము. నేడది బస్సెక్కి కొద్ది గంటలలో చేరు దూరము. నాడు రాతినేల, ముండ్లతుప్పలు, చలిజ్వరములు, వేసవిలో నిప్పులు చెరుగు ఎండ. కాలువలు లేవు, వానపడిన జొన్న, పడకున్న పస్తు. ఈ గడ్డమీదనే పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు చాపకూడు వడ్డించి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెనని, కన్నమదాసును పుత్రునివలె చూచెనని వీరగాథలు పాడుచున్నవి. కాని ఆ పంక్తి యెప్పుడో లేచిపోయెను. హయ్యరు వచ్చునాటికి ఊరి బావి వేరు, పేట బావి వేరు. ఆయన గురజాలలో నివాసమేర్పరచుకొని, చుట్టుపట్ల గ్రామములు తిరుగుచు, మందిచ్చుచు, బోధించుచుండెను. ఆయన మాట విని వచ్చినవారిలో ఎక్కువమంది ఊరి వెలుపలి పేటలవారే.

వచ్చినవారు మేలు కోరి వచ్చిరా, దేవుని కోరి వచ్చిరా యను సందేహము ఆనాటినుండియు ఉన్నది. ఆ సందేహము అసంగతము కాదు. ఆకలిగొన్నవాడు ఏ తలుపైనను తట్టును. దీనికి హయ్యరు విశ్వాసము చెప్పు సమాధానము విచిత్రముగా నుండును. యోగ్యత గలవారే రావలెననినచో కృపకు చోటెక్కడిది? అయోగ్యుడని తెలిసియు పిలుచుటయే కృప. ఇది ఆయన కనిపెట్టిన సిద్ధాంతము కాదు. పదునారవ శతాబ్దమున జర్మనీలో మార్టిన్ లూథరు పాపభయముతో ఉపవాసములు, జాగరణలు చేసి, ఎంత చేసినను మనశ్శాంతి గానక, చివరకు పౌలు రోమా సంఘమునకు వ్రాసిన లేఖను చదువుచు దీనిని గ్రహించెను. మనుష్యుడు తన పుణ్యముచేత దేవుని కొనలేడు. దేవుడు ఉచితముగా నిచ్చు క్షమను విశ్వాసముతో చేపట్టుటయే వాని పని. 1517 లో ఆయన లేవదీసిన వివాదము యూరపును రెండుగా చీల్చెను.

మన దేశమునకు ఈ విచారము క్రొత్తది కాదు. శ్రీవైష్ణవాచార్యులలో రెండు న్యాయములున్నవి. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. అది మర్కట కిశోర న్యాయము. పిల్లిపిల్ల యేమియు చేయదు. తల్లియే నోట కరచుకొని పోవును. అది మార్జాల కిశోర న్యాయము. జీవుడు పట్టుకొనవలెనా, దేవుడే పట్టుకొనునా యని ఆ పెద్దలు తరతరములు చర్చించిరి. పోతన గజేంద్రుడును తన బలమున్నంతవరకు మొసలితో పెనగి, బలముడిగిన పిదపనే మొరపెట్టెను. లూథరు చెప్పినది పిల్లిపిల్ల పక్షమునకు దగ్గర. మతములు వేరైనను, మనుష్యుని నిస్సహాయత ఒక్కటే గనుక ప్రశ్న యొక్కటే యయ్యెను.

అట్లయిన నొక చిక్కు మిగులును. అంతయు ఉచితమే యైనచో ఇక పాటు పడుట యెందుకు? హయ్యరు వంటివాడు ఎండలో తిరుగుట యెందుకు? పల్లెవారికి తెలిసిన సంగతితో దీనిని చెప్పుకొనవచ్చును. పూర్వము పంట పోయిన యేట సర్కారు శిస్తు వజా చేయుచుండెను. ఆ వజా రైతు సంపాదించినది కాదు. చిఠ్ఠాలో వాని పేరెదుట బాకీ లేదని వ్రాయుచుండిరి, అంతే. అంతమాత్రమున రైతు మరుసటి కారున నాగలి మూలకు చేర్చెనా? చేర్చలేదు. బాకీ భయము తీరినందున ఇంకను ఉత్సాహముతో దున్నెను. అట్లే 1967 లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలినపుడు ఆ కృష్ణాజలము ఏ రైతు పుణ్యముచేత వచ్చినదియు కాదు. అయినను బోదె త్రవ్వుట, గట్టు వేయుట, కలుపు తీయుట రైతువంతే. నీరు రాకున్న గట్టు వ్యర్థము; గట్టు లేకున్న నీరు వాగుపాలు. క్రైస్తవులు కృపయందు ఎదుగుట యని చెప్పునది ఈ కలుపు తీతవంటిది. కోపము, గర్వము, ఆశ అను కలుపు ఒక్కనాట పోదు. ఏటేట మొలచును, ఏటేట తీయవలెను. అది నీటికి చెల్లించు వెల కాదు. నీరు వచ్చినదను సంతోషముతో చేయు పని.

హయ్యరు జీవితమున ఈ ఎదుగుదల ఎట్లు కనబడునో చూడుడు. ఆయనతో గూడి పనిచేయుటకు వచ్చిన వాల్టర్ గన్ను అను యువ మిషనరీ 1851 లో గుంటూరులో మరణించెను. తనకంటె చిన్నవాడు, తన పని నందుకొనవలసినవాడు, ముందుగా పోయెను. లెక్క చూచుకొనువానికి నిరాశ కలుగవలసిన ఘట్టమది. హయ్యరు లెక్క చూచుకొనలేదు. గోదావరీ తీరమున రాజమహేంద్రవరములో జర్మనులు స్థాపించిన మిషను లూథరన్ల చేతికి రాగా, ఆ భారమును గూడ పంచుకొనెను. 1857 లో, అరువదినాలుగవ యేట, అమెరికాకు మరలెను. అక్కడను కూర్చుండలేదు. మిన్నెసోటా అను చలిదేశమున క్రొత్తగా వచ్చి దిగుచున్న వలసజనులమధ్య సంఘములు కట్టెను. 1860 లో అచ్చటి లూథరన్ సంఘసభ యేర్పడగా దానికి మొదటి అధ్యక్షుడయ్యెను.

కథ ఇంతటితో ముగిసినను అది ధన్యజీవితమే. కాని 1869 లో ఒక వార్త వచ్చెను. అమెరికాలో అంతర్యుద్ధము జరిగినందునను, లూథరన్లలో చీలికలు వచ్చినందునను, రాజమహేంద్రవరపు మిషనునకు మనుష్యులు, ధనము కరవై, దానిని ఆంగ్లేయ సంఘమువారి కప్పగించు నాలోచన సాగుచుండెను. పెన్సిల్వేనియాలో రెడింగు పట్టణమున సంఘసభ కూడినపుడు హయ్యరు లేచి, దానిని విడువవలదనియు, పోవువారు లేనిచో తానే పోవుదుననియు తెలిపెను. ఆయనకప్పుడు డెబ్బదియారేండ్లు. సభవా రాశ్చర్యపడిరి, సమ్మతించిరి. ఆ వృద్ధుడు మూడవమారు సముద్రము దాటి హిందూదేశమునకు వచ్చి, రాజమహేంద్రవరమున చెదరిన పనిని చక్కబెట్టి, యువకులు వచ్చి అందుకొనువరకు నిలిచి, 1871 లో సెలవు తీసికొనెను.

మొదటిసారి వచ్చినపు డాయనకు కొంత ఆశ యుండవచ్చును. రెండవసారి వచ్చినపుడు విద్య యుండెను. మూడవసారి వచ్చినపుడు చేతిలో బలము లేదు, ఫలము చూచెదనను ఆశయు లేదు. ఆ రాకలోనే ఆయన ఎదుగుదల కనబడుచున్నది. గడించుకొనవలసిన దేదియు లేనివాడే అంత తేలికగా లేచి రాగలడు.

అమెరికాకు పోయిన పిదప ఫిలడెల్ఫియాలోని మతశాస్త్ర విద్యాలయమున విద్యార్థులకు గురువుగా నుండి, 1873 నవంబరు 7 వ తేదీన పరమపదించెను. ఎనుబదియేండ్లు నిండి నాలుగు మాసములు కావచ్చెను. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ ప్రాంతమున, ముప్పదినాలుగేండ్లకు ముందు గతించిన భార్య సమాధి చెంత ఆయనను పాతిపెట్టిరి.

ఆయన నాటినవి ఆయన కనుమూసిన పిదప పెరిగినవి. 1842 లో పెట్టిన బడి పరంపరయందే 1885 లో గుంటూరున కళాశాల వెలసి, తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను. అందులో అన్ని మతములవారి పిల్లలును చదివిరి. 1883 లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరు స్త్రీలకు వైద్యముచేసి గుంటూరున ఆసుపత్రి కట్టించెను. 1927 లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘ మేర్పడెను. పరదేశి బోధగా వచ్చినది తెలుగు నుడికారము నలవరచుకొనెను. పలనాటి వినుకొండలో 1895 లో పుట్టిన జాషువ మహాకవి వ్రాసిన క్రీస్తుచరిత్రము 1964 లో సాహిత్య అకాడమీ బహుమాన మందెను. వీనిలో ఏ యొక్కటియు హయ్యరు చూడలేదు.

ఆయన మతము నంగీకరింపనివారును ఆయన జీవితమునుండి గ్రహింపదగిన దొకటి కలదు. మనము చేసిన మేలును వ్రాసిపెట్టుకొని, ప్రతిఫలము రానపుడు లోకమును నిందింతుము. ఏబదియారవ యేట గురజాల ఎండలోనికి వచ్చినవానికి, డెబ్బదియారవ యేట మరల గోదావరి తీరమునకు వచ్చినవానికి ఆ వ్రాత లేదు. తనకు రావలసినదంతయు ముందే ముట్టినదని నమ్మినవాడు గనుక, ఇతరులకు ఇచ్చుటయం దాయనకు లోభము కలుగలేదు. పలనాటి నేలపై వీరులు కత్తితో వ్రాసిన చరిత్ర నేటికిని కారెంపూడి యుత్సవములలో వినబడుచున్నది. మందుసంచితో, పలకాబలపముతో వ్రాసిన యీ చిన్న చరిత్రకును గ్రంథాలయపు బీరువాలో ఒక చోటు దక్కుట న్యాయము.